పెద్దింటి మాట

రుమేనా మనవడి కోసం అన్నం ముద్ద కలిపి పట్టుకుంది. దొరల ఇంటికి కోడలిగా వెళ్లిన కూతురి కొడుకును మూడేళ్లకు ఇవాళే చూడనిచ్చారు.

"వాడితో ‘మంగన్’ అనకమ్మా," అని కూతురు మహ్ని చెవిలో మరోసారి చెప్పింది. "తినమనడానికి అది మన పేట మాట. ఇక్కడ ‘మెదారన్’ అనాలి. అత్తగారు వింటున్నారు."

నోరు జారితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వరేమోనని రుమేనా దారి పొడవునా ఆ మాటే వల్లె వేసుకుంటూ వచ్చింది.

"మెదారన్, బాబుగారూ," అంది.

పిల్లాడు వెనక్కి జరిగాడు. "నానమ్మా, ఈవిడ కొత్త పనామెనా?"

వియ్యపురాలు అరుగు దిగి వస్తోంది. ఇక పొమ్మంటుందనుకుంది రుమేనా.

"అది మా పనివాళ్లు అనే మాట, వదినగారూ," అందామె నెమ్మదిగా. "అమ్మమ్మ కూడా అలాగే అంటే వాడెలా పోల్చుకుంటాడు?"

"అమ్మ కూడా నాతో అలాగే అంటుందిగా," అన్నాడు పిల్లాడు.

వియ్యపురాలు కోడలి వైపు తిరిగింది. మహ్ని తల ఎత్తలేదు.

రుమేనా చేతిలోని ముద్దను కూతురి నోటి దగ్గర పెట్టింది.

"మంగన్, తల్లీ," అంది, అందరికీ వినపడేలా.