పన్నెండో బేరం

“డబ్బు జేబులో పెట్టుకో బాబూ. ఈ బండి నీకు అమ్మను.”

నల్లకళ్లద్దాల మనిషి బిత్తరపోయాడు. అడిగిన ధరకి ఒక్క డాలరు కూడా తగ్గించమనలేదు అతను.

“ఎందుకమ్మవు?”

“వచ్చి పావుగంటయింది. ఎంత స్పీడు పోతుందని మూడుసార్లు అడిగావు. ఒక్కసారైనా కిందికి వంగి చూశావా?”

“ఏటీవీని స్పీడు చూడకుండా ఎవడు కొంటాడు?”

“వేటాడేవాడు కొంటాడు. వెళ్లిరా.”

అతని పికప్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ పోయింది. వరండాలో బీన్స్ తుంచుతున్న వెల్డా తలెత్తింది.

“పదకొండు,” అంది. “పదకొండు మందిని తరిమేశావ్. నువ్వు బండి అమ్ముతున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?”

ఆమె భర్త ఎల్డన్ జేబులోంచి గుడ్డ తీసి, ఆ మనిషి చెయ్యి వేసిన హ్యాండిల్ తుడిచాడు. పద్నాలుగేళ్ల ఏటీవీ, రాళ్లూ గుట్టలూ ఎక్కే బండి. నాలుగు లావుపాటి టైర్లు, ముందొకటి వెనకొకటి ఇనప క్యారియర్లు. ఐడహో కొండల్లోంచి ఎన్ని ఎల్క్ దుప్పుల్ని మోసుకొచ్చిందో లెక్కలేదు. ఒక్కనాడూ దారి మధ్యలో ఆగిపోయి అతని పరువు తీయలేదు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. బూట్ల నిండా ఎండిన బురద. పేరు మైటే అని, నది ఎగువ నుంచి వచ్చానని చెప్పింది.

“దేనికి మీకిది?” అన్నాడు ఎల్డన్, వచ్చినవాళ్లందరినీ అడిగినట్టే.

“ఆకురాలే కాలంలో వేటకి. వేసవిలో కొండదారుల్లో తిరగడానికి.”

ఆమె బండి ఎక్కలేదు. ముందు ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది.

“నేనొచ్చేలోపు స్టార్ట్ చేసి వేడెక్కించలేదే!”

“చల్లటి ఇంజను మొరాయిస్తుందని భయమున్నవాళ్లు చేస్తారు ఆ పని.”

ఆమె చిన్నగా నవ్వి సీటు ఎత్తింది. గాలి ఫిల్టర్ పెట్టె మూత తీసి, లోపల మూలల్లో వేలు పెట్టి రాసింది. వేలికి మట్టి అంటలేదు.

“నీళ్లలో ముంచలేదన్నమాట.”

“కర్రతో లోతు చూడకుండా ఏ వాగులోకీ దించలేదు.”

ఆమె ఆయిల్ పుల్ల బయటికి లాగి ఎండలో పట్టి చూసింది. ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపింది. చక్రం బెసకలేదు. తర్వాత నేలమీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరింది. వరండాలో వెల్డా చేతిలో బీన్స్ ఆగిపోయాయి.

“వెనక ఎడమవైపు ఇరుసుకి రబ్బరు తొడుగు కొత్తది,” అని కింద నుంచి గొంతు వినిపించింది.

ఎల్డన్‌కి ఒళ్లు పులకరించింది. పదకొండు మందిలో ఒక్కడూ అక్కడిదాకా పోలేదు.

“పోయినేడు మార్చాను. పాతది చిరగలేదు. బీటలు కనిపించాయి, అంతే. ఇదిగో, లోపాలు కూడా నేనే చెప్తున్నా వినండి. బాగా చలిగా ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఒకేసారి అందుకోవడానికి కాస్త టైము తీసుకుంటుంది. ముందున్న వించి, అదే తాడు చుట్టి లాగే యంత్రం, పెద్ద దుంగల్ని లాగలేదు.”

“అమ్మేవాడే వంకలు చెప్పడం ఈ ఇంట్లోనే చూస్తున్నా!” అంది వెల్డా. అయినా ఆ గొంతులో మొగుణ్ణి చూసుకుని మురిసే ముచ్చట దాగలేదు.

మైటే లేచి వీపు దులుపుకుంది. “ఇంత బాగున్నదాన్ని ఎందుకు అమ్మేస్తున్నారు?”

ఎల్డన్ కుడి మోకాలు తట్టి చూపించాడు.

“మోకాలు మార్చారు. కొండల్లో దుప్పుల వెంట నడవడం ఇక కుదరదన్నాడు డాక్టరు. దీన్ని షెడ్డులో పడేసి తుప్పు పట్టనివ్వడానికి నాకు మనసొప్పదు.”

ఆమె హెల్మెట్ పెట్టుకుని బండిని ఇంటివెనక కొండమీదికి ఎక్కించింది. ఎల్డన్ కళ్లు మూసుకుని విన్నాడు. పెద్ద బండ దగ్గర ఆమె గేరు తగ్గించింది. అదే చోట తనూ తగ్గిస్తాడు. దిగేటప్పుడు బ్రేకుల మీద నిలబడకుండా ఇంజనుతోనే ఆపుకుంటూ వచ్చింది.

“చూశావా?” అన్నాడు వెల్డాతో. “ఈవిడకిస్తాను.”

బండి వాకిట్లోకి వచ్చి ఆగింది. మైటే హెల్మెట్ తీసింది.

“ఒక్క వంకా దొరకలేదు, పెద్దాయనా. మీరు చెప్పిన రెండూ తప్ప.”

“దొరకవు,” అన్నాడు ఎల్డన్ ఛాతీ విరుచుకుని. “వెల్డా, కాగితాలు పట్రా.”

“వద్దండీ. నేను కొనడం లేదు.”

ఎల్డన్ మొహం జేవురించింది. “రేటు ఎక్కువా? తగ్గిస్తాను. దీన్ని ఎలా చూడాలో తెలిసినవాళ్లు మీరొక్కరే వచ్చారు. మీరూ కాదంటే ఇంకెవరికివ్వను?”

“ఎవరికీ ఇవ్వకండి.” ఆమె తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. “నది ఎగువన వేటకొచ్చేవాళ్లకి క్యాంపు నడుపుతున్నాను. తొమ్మిది బండ్లున్నాయి. ఒక్కటీ రెండేళ్లకి మించి బతకదు. పదోదాని కోసం వచ్చాను.”

“మరి కొనండి!”

“ఎన్ని కొంటే ఏం లాభం? దీన్ని పద్నాలుగేళ్లు ఇలా ఉంచిన మనిషి నాకు కావాలి. సోమవారం దీనిమీదే పనిలోకి వచ్చేయండి.”