విడి కాగితం

"ఇంకా ఆ కట్ట దగ్గరే ఉన్నారా మాస్టారూ?"

చీఫ్ ఎగ్జామినర్ గొంతు హాలంతా వినిపించింది. పేపర్లు దిద్దుతున్న పెన్నులన్నీ ఒక్క క్షణం ఆగి, మళ్లీ పరుగందుకున్నాయి.

పెద్దాయన తలెత్తలేదు. దిద్దేసిన పాత కట్టలు విప్పి, ఒక్కో కాగితం వెనక్కి తిప్పి చూస్తున్నారు.

ఆ హాల్లో గోడకు ఒక నల్లబల్ల ఉంది. పొద్దుట్నుంచి ఎవరు ఎన్ని పేపర్లు దిద్దారో గంటగంటకీ దాని మీద రాస్తారు. పైన ఉన్నవాళ్లకు వచ్చే ఏడాది మళ్లీ పిలుపు. అట్టడుగున ఉన్నవాళ్లకు ఇంటిదారి. ఐదు రోజులుగా ఆ అడుగు స్థానం పెద్దాయనదే. తోటివాళ్లు ఆయనకు నత్త మాస్టారని పేరు కూడా పెట్టేశారు.

చీఫ్‌కు ఆ బల్లంటే ప్రాణం. చదువుకునే రోజుల్లో ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నవాడు. వెనక ఎవరూ లేరు, సిఫారసు చేసినవాడూ లేడు. "నన్ను పైకి తెచ్చినవి మార్కులే. ఇంకెవరికీ నేను రుణపడలేదు" అని కొత్తవాళ్లందరికీ చెప్పేవాడు.

ఈరోజు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి మార్కులు పై ఆఫీసుకు చేరాలి. చేరకపోతే నీ కుర్చీ ఉండదని పొద్దున్నే ఫోనొచ్చింది.

ఇప్పుడు మూడున్నర.

"ఏం పోయింది మాస్టారూ?"

"అడిషనల్ షీటు సార్. ఈ పిల్లాడి ఆఖరి లెక్క సగంలో ఆగిపోయింది. దారం తెగింది. మిగతా కాగితం వేరే కట్టలో కలిసిపోయుంటుంది."

"ఉన్నదానికి మార్కులేసి పక్కన పెట్టండి."

"ఉన్నదానికి ముప్పై ఒకటే సార్. పాసుకు ముప్పై ఐదు కావాలి."

"దారం కట్టుకోవడం కూడా వాడి పనే. తెలివైనవాడు ముడి గట్టిగా వేస్తాడు."

"ముడికి మార్కుల్లేవు కదండీ."

పక్క బల్ల టీచరమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. చీఫ్ ముఖం ఎర్రబడింది.

"ఈవిణ్ని చూసి నేర్చుకోండి. అప్పుడే అరవై దిద్దారు!"

"చూస్తున్నానండీ. పాపం, ఆవిడ పెన్నుకి ఊపిరాడ్డం లేదు."

"వేళాకోళాలు చాలు!"

మాస్టారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆయన కళ్లు అలసిపోయి ఉన్నాయి.

"భోజనం మానేసి ఇరవై కట్టలు చూశాను సార్. ఇంకా పన్నెండున్నాయి. ఒక్క గంట ఇప్పించండి."

చీఫ్ గడియారం వంక చూశాడు.

"ఒక్కడి కోసం వేలమంది ఫలితాలు ఆపమంటారా?"

"వాడికి వాడొక్కడే కదండీ."

చీఫ్ ఆ పేపరు లాక్కున్నాడు. తనే ముప్పై ఒకటి వేసి, కింద సంతకం గీకాడు.

"ఇక మీరు లేవండి. ఈ హాలుకు మళ్లీ రావక్కర్లేదు."

మాస్టారు పెన్ను జేబులో పెట్టుకుని లేచారు.

"కాగితం ఎక్కడైనా దొరికితే పారేయకండి సార్" అన్నారు.

ఆయన వెళ్లిపోయారు.

ఐదుకు పది నిమిషాల ముందు మార్కులు పై ఆఫీసుకు వెళ్లాయి. కట్టలకు సీలు పడింది. వ్యాను గేటు దాటాక చీఫ్ కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

గుమాస్తా ఒక పాత ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మాస్టార్ని తీసేసినట్టు ఇందులో రాయాలి సార్. ఆయనకిది కొత్తేం కాదు. ఇరవై ఆరేళ్ల కిందట కూడా ఒక మెమో ఉంది."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్నాడు చీఫ్.

మెమో కాగితం పసుపెక్కింది. గుమాస్తా కూడా విని నవ్వుకుంటాడని చీఫ్ పైకే చదివాడు.

"దారం తెగిన ఒక అడిషనల్ షీటు ఎవరిదో వెతకడానికి మీరు అనుమతి లేకుండా నలభై కట్టలు విప్పి, ఒక పూట పని ఆపినందున మిమ్మల్ని తీవ్రంగా మందలించడమైనది."

కింద మాస్టారి జవాబు ఉంది. అందులో మూడే ముక్కలు.

"షీటు ఎవరిదో దొరికింది. ఆ విద్యార్థికి పద్దెనిమిది మార్కులు కలిశాయి. మందలింపుకు నాకు అభ్యంతరం లేదు."

గుమాస్తా నవ్వాడు. "ఏ మొద్దబ్బాయి అదృష్టమో సార్!"

చీఫ్ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

జవాబు చివర మాస్టారు ఆ విద్యార్థి హాల్‌టికెట్ నంబరు కూడా వేశారు; నిద్రలో లేపి అడిగినా చీఫ్ తడుముకోకుండా చెప్పగల నంబరది, తనదే.