ఒక జత బ్రేకు పైపులు

"చెయ్యి తియ్యమ్మా. అవి నా బండివి."

"నీ బండివా? నీ పేరేమన్నా చెక్కించావా వాటి మీద?"

నల్లటి బ్రేకు పైపుల జత ఒక కొస ఆమె గుప్పిట్లో ఉంది, రెండో కొస టోపీ మనిషి గుప్పిట్లో. ఇద్దరూ వదిలేలా లేరు. బల్లకి అవతల షాపాయన గ్రీజు చేతుల్ని గుడ్డకి తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

"అన్నా, మొన్న సోమవారం వచ్చి ఆర్డరిచ్చింది నేనా, కాదా?"

"నువ్వేనమ్మా."

"మంగళవారం ఫోను చేసి కొలతలు చెప్పింది నేనా, కాదా?" అన్నాడు టోపీ మనిషి.

"మీరే సార్."

"మరి ఇద్దరు అడిగితే ఒక్క జత చేసి కూర్చున్నావేం?" అంది ఆమె.

షాపాయన చెవి వెనక పెన్సిలు తీసి, చూసి, మళ్లీ అక్కడే దోపుకున్నాడు.

"ఇవి దండ కట్టి వేలాడదీసి అమ్మే సరుకు కాదండీ. పాతకాలం లారీకి డిస్క్ బ్రేకులు పెట్టుకుంటుంటే, పైపుకి ఒక చివర బిగించే పాత మర ఉండాలి, రెండో చివర కొత్త మర ఉండాలి. ఏ బండి పైపు ఆ బండికే. కొలత ఇంకోదానితో కలవదు. మీ రెండు చీటీలూ చూస్తే అచ్చుగుద్దినట్టున్నాయి. కుడి పైపు కన్నా ఎడమది రెండంగుళాలు ఎక్కువన్న ముక్కతో సహా! ఒకే ఇంటివాళ్లు రెండుసార్లు చెప్పారనుకుని ఒక చీటీ చించేశాను."

"ఎవరి చీటీ?"

"ఎవరిదైతే ఏంటమ్మా, రెండూ ఒకటేగా!"

"బాగుంది సంబడం! సరే, ఆయనకి ఇంకో జత చేసివ్వు."

"పాత మర ఉన్న ఇత్తడి ముక్కలు అవే ఆఖరు. మళ్లీ రావాలంటే నెల పడుతుంది."

ఆమె పైపుని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"వచ్చే సోమవారం నా బండికి తనిఖీ ఉంది. బ్రేకు పట్టకపోతే పాల డ్రమ్ముల కిరాయి ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఆ కిరాయితోనే మా పొయ్యి వెలగాలి. నేను వదలను."

"నేను మాత్రం సరదాకి వచ్చానా?" అన్నాడు టోపీ మనిషి. "అసలు బ్రేకుల గొడవ నీకెందుకు? ఇంటికెళ్లి మీ ఆయన్ని పంపు. మగాడితో మాట్లాడుకుంటాను."

పొద్దున భర్త కూడా అలాంటి మాటే అన్నాడు. 'పైపులు నేను తెస్తాలే, నువ్వెందుకు ఎండలో' అని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. మంగళవారం రంగు వేయిస్తానని బండిని షెడ్డుకి తీసుకెళ్లిన దగ్గర్నుంచి మనిషి ముఖం తిప్పుకునే తిరుగుతున్నాడు. ఈయన్ని నమ్ముకుంటే సోమవారం దాటిపోతుందని, ఆమె చెప్పకుండానే వచ్చేసింది.

"నాకెందుకా? మా ఆయన బండి కింద పడుకుని కొలతలు తీస్తుంటే, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పింది నేను. చక్రం పూర్తిగా తిప్పి కొలవకపోతే మలుపులో పైపు పుటుక్కుమంటుంది. తెలుసా నీకు?"

"ఓహో, మేడమ్ మెకానిక్కా!"

"నవ్వడం కాదు. ఎడమ పైపు రెండంగుళాలు ఎందుకెక్కువో చెప్పు."

టోపీ మనిషి తడబడ్డాడు. "ఎందుకేంటి? ఎక్కువ కాబట్టి ఎక్కువ."

"చూశావా అన్నా! మా నాన్న తోలేటప్పుడు ఆ బండి గట్టుకి గుద్దుకుని పైపు బిగించే ఎడమ బ్రాకెట్టు వంగిపోయింది. కాస్త వెనక్కి జరిపి వెల్డింగు పెట్టించాడు. అందుకే ఎక్కువ. ఈయనకి కారణం తెలీదు, కొలత మాత్రం తెలుసు. ఎక్కడో కాజేశాడు!"

"నోరు అదుపులో పెట్టుకో. నన్ను దొంగంటావా?"

"అనక? దండేసి కూర్చోబెట్టమంటావా?"

"ఆగండి, ఆగండి!" షాపాయన బల్ల చరిచాడు. "చీటీ మీద అంకెలు ఎవరైనా వేస్తారు. అసలు కొలత తీసిన తాడో, పుల్లో ఎవరి దగ్గరుంటే వాళ్లవే పైపులు. సరేనా?"

ఆమె ముఖం వెలిగింది. ఒక చేత్తో పైపుని వదలకుండానే, రెండో చేత్తో సంచిలోంచి ఎర్ర రిబ్బను లాగింది. దాని మీద కుడి పైపుకి ఒక ముడి, ఎడమ పైపుకి ఒక ముడి ఉన్నాయి. చివర తెల్లదారంతో తను కుట్టిన చిన్న పువ్వు ఉంది. అది కూతురి జడ రిబ్బను. జతలో ఇది కొలతకి పోతే, రెండోది మూడు రోజులుగా ఇంట్లో కనబడటం లేదు. 'నేను పారెయ్యలేదమ్మా' అని ఏడుస్తున్నా వినకుండా, పొద్దున పిల్ల వీపు మీద ఒకటి వేసి మరీ బడికి పంపింది.

షాపాయన రిబ్బను పక్కన పైపులు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మీ దగ్గరేముంది సార్?"

టోపీ మనిషి రిబ్బను వంకే చూస్తున్నాడు. పైపు మీద అతని పట్టు దానంతటదే సడలింది.

"కొలత నేను తియ్యలేదు," అన్నాడు మెల్లగా. "ఈ మంగళవారమే కొన్నాను బండి. మిగిలిన పని ఇదొక్కటేనని, అమ్మినాయనే దీన్ని నా చేతిలో పెట్టాడు."

చొక్కా జేబులోంచి తీసి, ఆమె రిబ్బను పక్కనే పరిచాడు.

ఎర్ర రిబ్బను. రెండు ముళ్లు. చివర తెల్లదారం పువ్వు.