తప్పు జవాబు

పోయినవాళ్ళ గొంతు లేని ఇల్లు ఇప్పుడు మా వీధిలో లేదు. బతికుండగా రికార్డయిన మాటల్లోంచి ఆ గొంతును అల్లి గోడలో పెడతారు. పక్కింటి తాతగారు రోజూ పొద్దున్నే గోడలోంచి పంచాంగం చదువుతారు.

నా భార్య సుభాషిణి బయాలజీ టీచరు. పాత పరీక్ష పేపర్లు పిల్లలచేత చేయిస్తూ రికార్డు చేసుకున్న పాఠాలే మాకు మిగిలాయి. అందుకే ఆమె గొంతు ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు దిద్దుతుంది. అన్నం తిన్నారా అని మాత్రం అడగదు.

రేపు మా అమ్మాయి హిమజకు బయాలజీ పరీక్ష. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వంటింట్లోంచి వింటున్నాను.

"మన గుండెకు ఎన్ని గదులు?"

"మూడు."

"కాదు కన్నా. మూడు కప్పకి. మనకి నాలుగు. చెయ్యి పెట్టి చూడు, కొట్టుకుంటోందా?"

నిన్న కూడా మూడే అంది. కంగారుగా గదిలోకి వెళ్ళాను.

"ఇది నీకెప్పుడో వచ్చు కదమ్మా!"

"వచ్చు నాన్నా," అంది తల దించుకుని. "రైటు చెబితే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతుంది. తప్పు చెబితేనే అమ్మ మాట్లాడుతుంది."

పక్కన కూర్చున్నాను.

"ఎర్ర రక్తకణాలు ఎక్కడ తయారవుతాయి?"

ఎముక మజ్జలో. సుభాషిణికి అక్కడ అవి తయారవడం లేదని ఆసుపత్రిలో డాక్టర్లు నాకు ఎన్నిసార్లు చెప్పారో.

హిమజ నా వైపు చూసింది.

"గుండెలో," అన్నాను.

"కాదు కన్నా," అంది సుభాషిణి.