గుంట మీది డీవీడీ

"మళ్ళీ పెట్టు పాపా. యాడికి పోతాది, రాక?" అంది పుష్పకుమారి.

ఫేబీ డీవీడీని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచి, మళ్ళీ లోపలికి తోసింది. కంప్యూటర్ కాసేపు గురకపెట్టి ఊరుకుంది. ఇంజనీరింగ్ చదివిన పాపానికి అల్లూరులో చుట్టాల పాడైన ఫోన్లన్నీ ఫేబీ దగ్గరికే వస్తాయి. డీవీడీ రావడం ఇదే మొదలు.

"గీతలేం లేవే అత్తా."

"గీతలెందుకు? మీ మామ పెట్టిన ఎండ చాలదా? మా ఇంట్లో కంప్యూటర్ మూలపడింది గానీ, లేకుంటే నేనే చూసుకుందును."

ఆ ఎండ సంగతి బంధువులందరికీ తెలుసు. కూతురు షారన్ జ్వరంతో పోయిన వారానికే, ఆ పిల్ల చర్చిలో పాడిన ఒకే ఒక్క వీడియో ఉన్న డీవీడీని సుశీల్ కుమార్ మామ రొయ్యల గుంట మీద తీగకు కట్టాడు. తళతళకు కొంగలు బెదురుతాయట. పుష్పకుమారి విప్పుకొచ్చి టీవీకి పెడితే బొమ్మ రాలేదు. అప్పటినుంచి నాలుగేళ్లుగా మొగుడికి అన్నం పెడుతోంది గానీ, మాట్లాడటం లేదు.

"ఒక్క కాపీ తియ్యి పాపా. బిడ్డ గొంతు మర్చిపోతా ఉండా."

ఫేబీ తల తిప్పుకుంది. "టైం పడతాది. నువ్వు ఇంటికి పో అత్తా."

స్పీడు తగ్గించి చూసింది. పాడైన డిస్కులు చదివే సాఫ్ట్‌వేర్ పెట్టింది. డ్రైవ్ మీదే అనుమానమొచ్చి, నాన్న దాచుకున్న పాత ప్రసంగాల డిస్కు వేసింది. పాస్టరు గారు గంట కొట్టినట్టు మాట్లాడారు.

రెండు డిస్కులూ కిటికీ దగ్గర తిరగేసి పట్టుకుంది. ప్రసంగాల దాని వెనక, రికార్డయినంత మేరా ముదురు రంగు వలయం. అత్త దానికి అంచుదాకా ఒకటే రంగు. ఎండకు చెడలేదు. దాన్లో ఎప్పుడూ ఏమీ ఎక్కలేదు.

స్కూటీ నేరుగా గుంట దగ్గర ఆగింది. మామ మేత చల్లుతున్నాడు.

"మామా, ఆ డీవీడీ ఖాళీది. నువ్వు చెడగొట్టలా."

"తెలుసు."

"తెలుసా?"

"గుంట మీద కట్టకముందే పెట్టి చూసినా. ఏమీ రాలా. అందుకే కట్టినా."

"కెమెరాలో లేదా?"

"డిస్కులోకి ఎక్కిందనుకుని కెమెరాలోది చెరిపేసినారు."

ఫేబీకి ఒళ్లు మండింది. "ఒకసారి వేసి చూసుకోకుండా చెరిపేసిన ఆ మహాతల్లో, మహానుభావుడో ఎవరో చెప్పు మామా. అత్తకు నేనే చెప్తా. ఆ తిట్లేవో వాళ్లే తింటారు."

"వద్దు పాపా. ఎండకే పోయిందని చెప్పు. నా మీద కోపంతోనన్నా లేచి తిరగతా ఉండాది."

"ఎవరు మామా?"

మామ ఇంకో దోసెడు మేత నీళ్లలోకి విసిరాడు.

"చెరిపింది మీ అత్తే."