జలంధర్ కోసం లొల్లి

గల్ఫ్‌లోని రాస్ లఫాన్‌కు పోయే డ్యూటీ బస్సులో ఒకటే లొల్లి. క్యాంప్ కబడ్డీ కెప్టెన్ జలంధర్ ఈ ఏడు కూడా ఆడాలా, వద్దా?

"నలభై దాటినయ్. ఇగ చాలు," అన్నారు చాలామంది.

"ఆడాలె! అన్న కూతకు పోకుంటే మ్యాచ్ ఎవడు చూస్తడు?" గజేందర్ ఒక్కడే లేచి నిలబడి అరిచాడు.

పోయినేడు ఫైనల్ నాడు "నీ చేతులల్ల పట్టు లేదు" అని అందరి ముందూ గజేందర్‌ను పక్కన కూర్చోబెట్టింది జలంధరే. ముందు సీట్లో కూర్చుని ఇదంతా వింటున్న జలంధర్‌కు ఇప్పుడు సిగ్గేసింది.

"ఆడుత తమ్మీ. నువ్వు నా పక్కనే ఉండాలె."

"పక్కన కాదన్నా, ఎదురుంగ. వచ్చే నెల కంపెనీ మారుతున్న, టీమ్ గూడ." గజేందర్ రెండు చేతులూ చాపాడు. "నువ్వొక్కసారి కూతకు రా. ఈ చేతులల్లకెల్లి ఎట్ల పోతవో అందరు చూస్తరు."