దిగే చోటు

కొండముచ్చుల ఆటలో ఎవరైనా ఎగిరి వెలగపండు పట్టుకుంటే, మిగతావన్నీ పక్కకి తప్పుకుని దిగడానికి చోటిస్తాయి. ఆ ఆటలో పొడుగుతోక కొండముచ్చుకి సాటి లేదు.

ఒక మంచు పొద్దున అది అడవిపందుల ఆటలోకి వెళ్లింది. అక్కడ పండు పట్టుకుని గీత దాటాలి. గీతకి రెండు చివర్లా దుప్పి కొమ్ములు పాతి ఉన్నాయి.

"నా అంత ఎత్తు ఎవరెగరగలరు?" అంది కొండముచ్చు.

"ఎవరూ లేరు నాయనా," అంది ముసలి పంది మెత్తగా. "పోయినేడు వచ్చిన దుప్పి కూడా బాగానే ఎగిరింది."

పందులు పండుని పైకి విసిరాయి. కొండముచ్చు ఎగిరి ఒంటిచేత్తో పట్టేసింది. ఎవరూ కేక వెయ్యలేదు. కిందకి చూస్తే, మంచులో పందులన్నీ కోరలు పైకెత్తి కదలకుండా నిలబడి ఉన్నాయి.

"తప్పుకోండి, దిగాలి!" అని అరిచింది.

"దిగు నాయనా," అంది ముసలి పంది. "నువ్వు దిగాకే మా ఆట మొదలు."